జనరల్ మహోన్: యుద్ధంలో ఒకరు, ఎన్నికల్లో ఇంకొకరా?

1. వేరుశనగ (శనివారం, రాత్రి 9:40)

పోయిన వారం రిచ్‌మండ్ నుంచి సముద్రం చూడటానికి బయలుదేరాం. పెద్ద రహదారి మీద వాహనాలు కదలడం లేదని పీటర్స్‌బర్గ్ దగ్గర 460వ నంబరు రోడ్డుకు మళ్ళాను. అది గీత గీసినట్టు తిన్నగా పోతుంది. పక్కనే రైలుపట్టాలు, వాటికి అటూ ఇటూ వేరుశనగ చేలు. కాసేపు అనంతపురం వైపు వెళుతున్నట్టే అనిపించింది. డిస్పుటాంటా, వేవర్లీ, వేక్‌ఫీల్డ్, ఐవర్, విండ్సర్ అంటూ ఊళ్ళు వరసగా వచ్చాయి. వేక్‌ఫీల్డ్‌లో వేయించిన కాయలు కొంటూ, ఈ రోడ్డుకు ఎవరి పేరు పెట్టారో ఆ జనరల్ మహోన్ ఎవరని కొట్టులో పెద్దాయనను అడిగాను. "ఆ రైలు వేసినాయన" అని కిటికీలోంచి చూపించి, చిల్లర లెక్కపెట్టుకోవడంలో పడిపోయాడు.

ఇంటికి వచ్చి చదవడం మొదలుపెట్టాను, వదలబుద్ధి కావడం లేదు. విలియం మహోన్ 1826లో వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీలో పుట్టాడు. 1831లో నాట్ టర్నర్ నాయకత్వంలో బానిసలు తిరగబడింది ఆ కౌంటీలోనే. అప్పటికి ఇతనికి నాలుగేళ్ళు. తండ్రి సత్రం నడిపేవాడు. కుర్రాడు గుర్రం మీద టపా మోసి, తరువాత వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, రైల్వే ఇంజనీరయ్యాడు. అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన దక్షిణాది సైన్యంలో జనరల్. అలాంటివాడు యుద్ధం ముగిసిన పదిహేనేళ్ళకు నల్లజాతి ఓటర్లతో చేతులు కలిపి సొంత పార్టీ నడిపి వర్జీనియా ప్రభుత్వాన్ని గెలుచుకున్నాడు. మనసు మారిందా, లెక్క మారిందా? మన వేదికలో తెలిసినవాళ్ళు ఉంటారని అడుగుతున్నాను.

2. ఎర్రమట్టి (శనివారం, రాత్రి 10:05)

ముందు అవి పల్లీలు అని ఒప్పుకోండి, తరువాత మీ జనరల్ సంగతి చూద్దాం.

3. పట్టాలమనిషి (ఆదివారం, ఉదయం 6:15)

నేను రైల్వేలో ట్రాక్ పని చూసి పదవీ విరమణ చేసినవాడిని. మహోన్ నాకు రాజకీయుడిగా తెలియదు, పట్టాలు వేసినవాడిగా తెలుసు. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

నార్ఫోక్ నుంచి పీటర్స్‌బర్గ్‌కు రైలు వేయాలంటే డిస్మల్ స్వాంప్ అనే పెద్ద చిత్తడి అడ్డం. అక్కడ నేల నేల కాదు. వేల ఏళ్ళుగా ఆకులూ వేళ్ళూ కుళ్ళి పేరుకున్న మెత్తటి బురద. మట్టి పోసి కట్ట కడితే మింగేస్తుంది. 1853లో చీఫ్ ఇంజనీరుగా వచ్చిన ఈయన చెట్లు కొట్టించి, ఆ దుంగలను ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా కాకుండా వరస మీద వరసగా పరిపించి, దాని మీద కట్ట ఎత్తించాడు. దుంగల పరుపు ఎప్పుడూ నీటి మట్టానికి కిందే ఉండాలి, కిటుకంతా అక్కడుంది. కొయ్యకు గాలి తగిలితే పుచ్చుతుంది. పూర్తిగా మునిగి ఉంటే పురుగు పట్టదు, కుళ్ళదు. మన నూతుల అడుగున వేసే కొయ్య చట్రం గుర్తుందా? అదే సూత్రం. 1858లో లైను పూర్తయింది. ఇప్పటికీ దాని మీద బొగ్గు రైళ్ళు నడుస్తున్నాయి. మహోన్ కాలానికి ఊహకు కూడా అందని బరువవి.

సఫోక్ నుంచి పీటర్స్‌బర్గ్ దాకా యాభై మైళ్ళకు పైగా ఒక్క వంపు లేదు. అంత దూరం తిన్నని లైను వేసిన మనిషి రాజకీయాల్లో అన్ని వంపులు తిరిగాడంటే నమ్మబుద్ధి కాదు.

ఇక ఊళ్ళ పేర్ల మీద ఒక కథ చెబుతారు. కొత్త లైను మీద భార్య ఒటీలియాతో ప్రయాణిస్తూ, ఆవిడ చదువుతున్న వాల్టర్ స్కాట్ నవలల్లోంచి స్టేషన్లకు పేర్లు పెట్టుకుంటూ వచ్చారట. ఒకచోట ఇద్దరికీ కుదరలేదు. వాదులాటకు గుర్తుగా దానికి డిస్పుటాంటా అని పెట్టారట. నిజమో కాదో గానీ, ముప్పై ఏళ్ళు ట్రాక్ పక్కన క్వార్టర్లలో కాపురం చేసినవాడిగా నాకు నమ్మాలనే ఉంది.

4. నల్లసిరా (ఆదివారం, ఉదయం 11:30)

పట్టాలమనిషి గారూ, దుంగల సంగతి బాగుంది. కానీ ఆయనకు పేరు తెచ్చింది చిత్తడి కాదు, గొయ్యి.

1864 జులై 30. పీటర్స్‌బర్గ్‌ను ఉత్తరాది సైన్యం ముట్టడించి ఉంది. పెన్సిల్వేనియా బొగ్గు గని కార్మికులున్న ఒక రెజిమెంటు దక్షిణాది వాళ్ళ కోటగోడ కిందకు 500 అడుగులకు పైగా సొరంగం తవ్వి, 8,000 పౌండ్ల మందుగుండు పెట్టి తెల్లవారుజామున పేల్చింది. నేల బద్దలై పెద్ద గొయ్యి పడింది, దాన్నే క్రేటర్ అంటారు. ఉత్తరాది దళాలు దాన్ని చుట్టుకుని ముందుకు వెళ్ళకుండా లోపలికే దిగి ఇరుక్కుపోయాయి. ఆ దళాల్లో నల్లజాతి సైనికుల డివిజను కూడా ఉంది. మహోన్ తన మనుషులను తెచ్చి ఎదురుదాడి చేసి గొయ్యిని తిరిగి పట్టుకున్నాడు. "క్రేటర్ వీరుడు" అన్న పేరూ, మేజర్ జనరల్ హోదా దాంతోనే వచ్చాయి.

ఆ రోజు ఆయుధాలు పడేసి చేతులెత్తిన నల్ల సైనికులను కూడా చంపారు. ఇందులో వాదన లేదు, పాల్గొన్నవాళ్ళే ఇళ్ళకు ఉత్తరాలు రాశారు. దాడికి నాయకత్వం మహోన్‌ది. మీరు మనసు మారిందా అని అడిగారు. నా జవాబు: ఆ గొయ్యి గురించి తప్పయిందని ఆ మనిషి ఎన్నడైనా అన్నాడా? ఎక్కడా కనిపించదు. పైగా ఆ బిరుదును చివరిదాకా మెడలో వేసుకునే తిరిగాడు.

5. వేరుశనగ (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

నల్లసిరా గారూ, దాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. నిజానికి ఇప్పుడు నాకు ఇంకో సంగతి తోస్తోంది. ఆ బిరుదు లేకపోతే ఆ పార్టీ కూడా ఉండేది కాదేమో. నల్లవాళ్ళతో కలిసి ఓటు వేయమని మామూలు మనిషి అడిగితే వర్జీనియా తెల్ల రైతు తరిమికొట్టేవాడు. క్రేటర్ వీరుడు అడిగితే కాసేపు నిలబడి విన్నాడు. గొయ్యిలో సంపాదించిన పరపతినే పదిహేనేళ్ళ తరువాత పూర్తిగా వేరే పనికి ఖర్చు పెట్టాడన్నమాట. తలచుకుంటే కడుపులో తిప్పుతుంది, కానీ రాజకీయం అలాగే నడిచినట్టుంది.

మనిషి వాలకం కూడా చెప్పాలి. అయిదున్నర అడుగులకు లోపే, బరువు నలభై అయిదు కిలోలకు అటూ ఇటూ, గొంతు సన్నం, గడ్డం బారెడు. అజీర్తి రోగి. పాలూ గుడ్లే పడతాయని యుద్ధరంగానికి కూడా ఒక ఆవునూ కోళ్ళనూ వెంట తోలుకుపోయేవాడు. 1862లో మనాసస్ దగ్గర గాయపడితే, కండకు తగిలిన దెబ్బే, భయం లేదని భార్యకు కబురు పంపారట. ఆవిడ, "అయితే ప్రమాదమే, మా ఆయన ఒంట్లో కండ ఎక్కడుంది" అందని చెప్పుకుంటారు.

6. లెక్కలపంతులు (ఆదివారం, రాత్రి 8:45)

మనసుల సంగతి మీరు తేల్చుకోండి. నేను అప్పు సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ కథలో అందరినీ కదిలించింది అదే.

యుద్ధానికి ముందు వర్జీనియా కాలువలకూ రైళ్ళకూ బాండ్లు అమ్మి అప్పు చేసింది. యుద్ధంలో ఊళ్ళు కాలిపోయాయి, పొలాలు పాడయ్యాయి, 1863లో పశ్చిమ భాగం విడిపోయి వేరే రాష్ట్రమైంది. వడ్డీ మాత్రం ఆగలేదు. 1870 నాటికి అప్పు సుమారు 4.5 కోట్ల డాలర్లు. 1871లో ఫండింగ్ చట్టం తెచ్చారు. మూడోవంతు వెస్ట్ వర్జీనియా నెత్తిన పెట్టి, మిగిలిన రెండు వంతులకు ఆరు శాతం వడ్డీతో కొత్త బాండ్లు ఇచ్చారు. వాటిలో ఎక్కువ భాగం రాష్ట్రం బయట, న్యూయార్కులో, లండన్‌లో ఉన్నవాళ్ళ చేతుల్లో ఉన్నాయి.

మెలిక ఎక్కడంటే కూపన్లలో. బాండు కాగితం అంచున చిన్న చిన్న చీటీలు ఉంటాయి, మన పాత రేషన్ కూపన్ల మాదిరిగా. వడ్డీ గడువు రాగానే ఒకటి కత్తిరించి డబ్బు తీసుకోవాలి. ఆ చీటీని పన్ను కింద కూడా చెల్లించవచ్చని చట్టంలో రాశారు. ఇంకేముంది, డబ్బున్నవాళ్ళు తక్కువ ధరకు చీటీలు కొని పన్ను కట్టేశారు. ఖజానాలోకి నోట్లకు బదులు కాగితం ముక్కలు వచ్చాయి. పంతులుగారికి జీతం కాగితం ముక్కతో ఇవ్వలేరు కదా. బడులకు పోవలసిన డబ్బు వడ్డీకి మళ్ళింది, చాలా కౌంటీల్లో బడులు మూతపడ్డాయి.

అప్పు పూర్తిగా తీర్చడం మన పరువు అని ఒక వర్గం పట్టుబట్టింది. పిల్లలకు చదువు లేకుండా పరువెక్కడిది, అప్పును సర్దుబాటు చేద్దాం అని ఇంకో వర్గం లేచింది. 1879 ఫిబ్రవరిలో ఈ రెండో వర్గం పార్టీగా ఏర్పడింది. రీఅడ్జస్టర్లు అంటే సర్దుబాటువాళ్ళు అనే. నాయకుడు మహోన్.

7. ఎర్రమట్టి (ఆదివారం, రాత్రి 9:20)

రాష్ట్రం విడిపోయాక అప్పులో ఎవరి వాటా ఎంత అన్న గొడవా? ఎక్కడో విన్నట్టుందే. 58.32, 41.68 అనే అంకెలు నాకు నిద్రలో కూడా గుర్తుంటాయి. మరి వీళ్ళది ఎప్పటికి తేలింది?

8. లెక్కలపంతులు (ఆదివారం, రాత్రి 9:35)

1863లో విడిపోయారు. 1915లో సుప్రీంకోర్టు వెస్ట్ వర్జీనియా 1.2 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టాలని తేల్చింది. చివరి వాయిదా కట్టింది 1939లో. మనం ఇంకా తొందరపడనవసరం లేదు.

9. నిర్వాహకుడు (ఆదివారం, రాత్రి 9:50)

మన విభజన అప్పుల మీద ఇప్పటికే ఒక చర్చ 40 పేజీలు దాటింది, దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇక్కడ మహోన్ మాత్రమే.

10. ఎర్రమట్టి (ఆదివారం, రాత్రి 9:58)

సరే సరే. ఒక్కటే అడిగి ఊరుకుంటాను. ఇది మన రుణమాఫీలాంటిదేనా?

11. లెక్కలపంతులు (సోమవారం, ఉదయం 7:10)

కాదు. రుణమాఫీలో రైతు అప్పు ప్రభుత్వం కడుతుంది. ఇక్కడ ప్రభుత్వమే అప్పులపాలు. 1882 రిడిల్‌బర్గర్ చట్టంతో అప్పును సుమారు 2.1 కోట్లకు కుదించి, వడ్డీ మూడు శాతానికి దించారు, కూపన్లతో పన్ను కట్టడాన్ని అడ్డుకున్నారు. బాండ్లవాళ్ళు కోర్టుకెక్కారు. వ్యవహారం 1892 దాకా సాగింది.

12. వేరుశనగ (సోమవారం, రాత్రి 10:15)

లెక్కలపంతులు గారు దారి చూపించాక ఇవాళ భోజనాల విరామమంతా దీని మీదే పెట్టాను.

1879లో రీఅడ్జస్టర్లు శాసనసభ గెలిచి మహోన్‌ను అమెరికా సెనెట్‌కు పంపారు. 1881 మార్చిలో ఆయన వెళ్ళేసరికి సభలో రిపబ్లికన్లు (యుద్ధంలో ఉత్తరాదిని నడిపిన లింకన్ పార్టీ) 37, డెమొక్రాట్లు (అప్పట్లో దక్షిణాది తెల్లవాళ్ళ పార్టీ) 37. మిగిలింది ఇద్దరు. ఇలినాయ్ నుంచి వచ్చిన డేవిస్ డెమొక్రాట్ల వైపు మొగ్గాడు. ఇక గాలరీలన్నీ ఈ చిన్న మనిషినే చూస్తున్నాయి. దక్షిణాది జనరల్ కాబట్టి తమవాడే అనుకున్నారు డెమొక్రాట్లు. ఆయన రిపబ్లికన్లకు ఓటు వేశాడు. సరిసమానమైన సభలో ఉపాధ్యక్షుడు ఆర్థర్ ఓటు కలిసి రిపబ్లికన్లకు పట్టు దక్కింది. మహోన్‌కు వ్యవసాయ కమిటీ అధ్యక్ష పదవీ, వర్జీనియాలో కేంద్ర ఉద్యోగాలు పంచే అధికారమూ దక్కాయి.

ఆ ఏడాదే పీటర్స్‌బర్గ్ మేయరుగా ఉన్న ఆయన మిత్రుడు విలియం కామెరాన్ గవర్నరుగా గెలిచాడు. ఓటు వేయాలంటే కట్టవలసిన తలపన్ను తీసేశారు. నేరస్థులను కట్టేసి కొరడాతో కొట్టే స్తంభాలు తీయించారు. అవి ఎక్కువగా ఎవరి వీపుల కోసం ఉండేవో వేరే చెప్పాలా? బడులు తెరిచారు, నల్ల పిల్లల బడుల్లో నల్లజాతి ఉపాధ్యాయులు వచ్చారు. డిన్‌విడ్డీ కౌంటీ నుంచి ఎన్నికైన నల్లజాతి శాసనసభ్యుడు ఆల్‌ఫ్రెడ్ హారిస్ పెట్టిన బిల్లుతో 1882లో ఒక కళాశాల ఏర్పడింది. అదే నేటి వర్జీనియా స్టేట్ యూనివర్సిటీ. మహోన్ చేతిలోంచి జారిపోయిన రైలు కంపెనీ అమ్మకంలో రాష్ట్రానికి వచ్చిన డబ్బులో కొంత దానికే వెళ్ళింది.

నల్లసిరా గారూ, క్షమాపణ చెప్పలేదు, నిజమే. కానీ ఈ పనులు?

13. పట్టాలమనిషి (మంగళవారం, ఉదయం 6:05)

ఆ రైలు కంపెనీ కథ నేను పూర్తిచేస్తాను. యుద్ధం తరువాత మూడు లైన్లను కలిపి అట్లాంటిక్, మిసిసిపీ అండ్ ఒహాయో అని పేరు పెట్టాడు. పొడి అక్షరాలు ఏ.ఎం.ఓ. "ఆల్ మైన్ అండ్ ఒటీలియాస్", అంటే "అంతా నాదీ ఒటీలియాదీ" అని జనం ఎగతాళి చేసేవారు. 1873 ఆర్థిక సంక్షోభంలో వడ్డీ కట్టలేక 1876లో కంపెనీ కోర్టు నియమించిన రిసీవరు చేతికి పోయింది. 1881లో అమ్ముడై నార్ఫోక్ అండ్ వెస్టర్న్ అయింది. అప్పిచ్చినవాళ్ళ చేతిలో తానే దెబ్బతిన్న మనిషి రాష్ట్రం అప్పు మీద ఉద్యమం పెట్టాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

అయితే రైలు నడిపిన పద్ధతిలోనే పార్టీనీ నడిపాడు. పార్టీ సమావేశం ఏది నిర్ణయిస్తే దానికే ఓటు వేస్తామని శాసనసభ్యుల చేత ముందే కాగితం మీద సంతకాలు అడిగాడు. కేంద్ర ఉద్యోగాలు ఇప్పించినవాళ్ళ జీతాల్లోంచి పార్టీకి చందా. నలుగురు రాష్ట్ర సెనెటర్లు సంతకం పెట్టబోమని తిరగబడ్డారు, అక్కడినుంచే కట్ట జారడం మొదలైంది. దుంగలకు చెప్పినట్టు మనుషులకు చెబితే నీటికింద ఎంతకాలం పడి ఉంటారు?

14. నల్లసిరా (మంగళవారం, రాత్రి 11:20)

వేరుశనగ గారూ, ఆ పనులు నేను కాదనను. వాటికోసమే ఆ పార్టీని కూల్చారు కూడా.

1883 నవంబరులో ఎన్నికలకు మూడు రోజుల ముందు, డాన్‌విల్ అనే పొగాకు పట్టణంలో గొడవ జరిగింది. పట్టణ మండలిలో కొందరు నల్లవాళ్ళు ఉన్నారని, బజారులో దుకాణాలు వాళ్ళ చేతికి వెళ్ళాయని అక్కడి తెల్ల వ్యాపారులు కరపత్రం అచ్చువేసి రాష్ట్రమంతా పంచారు. అప్పుడు కాలిబాట మీద ఒక తెల్లవాడికీ ఒక నల్లవాడికీ భుజం భుజం తగిలింది. సాయంత్రానికి తుపాకులు పేలాయి. నలుగురు నల్లవాళ్ళు, ఒక తెల్లవాడు చనిపోయారు. మూడు రోజుల తరువాత డెమొక్రాట్లు శాసనసభను తిరిగి గెలుచుకున్నారు. రిడిల్‌బర్గర్ చట్టాన్ని మాత్రం రద్దు చేయలేదు, గమనించండి. తగ్గిన అప్పు వాళ్ళకూ ముద్దే.

కానీ నా అసలు అభ్యంతరం ఇంకోటి. 1888లో పీటర్స్‌బర్గ్ ఉన్న నాలుగో నియోజకవర్గం నుంచి జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ కాంగ్రెసుకు పోటీ చేయాలనుకున్నాడు. న్యాయవాది, రాయబారిగా పనిచేసినవాడు, ఇందాక చెప్పిన కళాశాలకు అధ్యక్షుడిగా ఉన్నవాడు. నల్లజాతివాడు. అప్పటికి రిపబ్లికన్ పార్టీలో వర్జీనియా పెద్ద మహోనే. ఆయన లాంగ్‌స్టన్‌కు టికెట్ నిరాకరించి ఒక తెల్ల అభ్యర్థిని నిలబెట్టాడు. లాంగ్‌స్టన్ స్వతంత్రుడిగా దిగాడు, ఓట్లు చీలాయి, డెమొక్రాట్ గెలిచినట్టు ప్రకటించారు. లాంగ్‌స్టన్ ఊరుకోలేదు. ఎన్నికలో మోసం జరిగిందని కాంగ్రెసులో ఫిర్యాదు చేసి, దాదాపు రెండేళ్ళు కొట్లాడి, 1890 సెప్టెంబరులో స్థానం సాధించాడు. కూర్చున్నది కొన్ని నెలలే. వర్జీనియా నుంచి ఇంకో నల్లజాతి ప్రతినిధి కాంగ్రెసుకు ఎన్నికవడానికి 1992 దాకా పట్టింది.

నల్లవాళ్ళు ఓటు వేయాలి, బడికి వెళ్ళాలి, చిన్న ఉద్యోగాలు చేసుకోవాలి. పెద్ద కుర్చీ దగ్గరకు వచ్చేసరికి క్రేటర్ వీరుడు మళ్ళీ అడ్డం నిలబడ్డాడు. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే.

15. వేరుశనగ (బుధవారం, ఉదయం 8:00)

లాంగ్‌స్టన్ సంగతి నాకు తెలియదు. రాత్రి అది చదివాక మరీ లోతుగా ఏమీ అనలేకపోయాను. ఆ తరువాత ఏడాదే, 1889లో, మహోన్ గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయాడని మాత్రం చూశాను. లాంగ్‌స్టన్‌ను నమ్మినవాళ్ళు అప్పుడు ఆయన కోసం ఎందుకు కదులుతారు?

16. ఎర్రమట్టి (బుధవారం, ఉదయం 9:15)

అయినా తక్కిన జనరల్స్ ఏం చేశారు? వాళ్ళతో పోలిస్తే?

17. నల్లసిరా (బుధవారం, మధ్యాహ్నం 1:00)

న్యాయమైన ప్రశ్న. చాలామంది డెమొక్రాట్లుగా పాత పెత్తనాన్నే తిరిగి తెచ్చారు. దక్షిణ కరోలినాలో వేడ్ హాంప్టన్ నల్ల ఓటర్లను బెదిరించే ఎర్ర చొక్కాల గుంపుల అండతో గవర్నరయ్యాడు. మినహాయింపుగా నిలబడింది లాంగ్‌స్ట్రీట్. 1874లో న్యూ ఆర్లియన్స్‌లో వైట్ లీగ్ అనే తెల్లవాళ్ళ సాయుధ ముఠా తిరుగుబాటు చేస్తే, నల్లజాతి మిలీషియానూ పోలీసులనూ నడిపించి తన పాత సైనికులకే ఎదురు నిలిచి గాయపడ్డాడు. దానికి శిక్షగా, 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధంలో దక్షిణాది ఓటమి మొత్తం ఆయన మెడకు చుట్టారు. మహోన్‌ను వాళ్ళతో పోలిస్తే మెరుగే, అంతవరకు ఒప్పుకుంటాను. మెరుగు అన్నమాటకు ఎంత విలువో మీరే చూసుకోండి.

18. చుక్కలముగ్గు (బుధవారం, రాత్రి 9:30)

ఇన్నాళ్ళుగా మౌనంగా చదువుతున్నాను. మేము పీటర్స్‌బర్గ్‌కు పావుగంట దూరంలో ఉంటాం, కాబట్టి చూసింది చెబుతాను.

క్రేటర్ ఇప్పుడు జాతీయ పార్కులో ఉంది. అంత పెద్ద గొయ్యి అని చదివి వెళితే గడ్డి మొలిచిన పల్లం కనిపిస్తుంది, వానాకాలం తరువాత పూడిపోయిన మన ఊరి కుంటలా. మా అబ్బాయి, "ఇదేనా?" అన్నాడు. సొరంగం మొదలైన చోటు, అది పోయిన దారిలో నేల కుంగిన గుర్తులు చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. మహోన్ 1895లో వాషింగ్టన్‌లో చనిపోయాడు, సమాధి ఇక్కడే బ్లాండ్‌ఫర్డ్ శ్మశానంలో ఉంది. రాతి గది మీద నిండుగా పేరు ఉండదు, ఎం అన్న ఒక్క అక్షరమే.

ఆయన పోయిన ఏడేళ్ళకు, 1902లో, వర్జీనియా కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. దాన్ని ప్రజల ఓటుకు పెట్టకుండానే అమలు చేశారు. తలపన్ను మళ్ళీ వచ్చింది, నల్లవాళ్ళ ఓట్లు దాదాపు మాయమయ్యాయి.

ఇక ఆయన ఇల్లు. 1920లలో దాన్ని ఊరి గ్రంథాలయానికి ఇచ్చారు. పై అంతస్తులు తెల్లవాళ్ళకు, నేలమాళిగ నల్లవాళ్ళకు, దానికి వేరే గుమ్మం. దాదాపు నాలుగు దశాబ్దాలు అలాగే నడిచింది. 1960 ఫిబ్రవరి 27న వందమందికి పైగా నల్లజాతివాళ్ళు పై గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి బల్లల దగ్గర కూర్చున్నారు. వాళ్ళలో హైస్కూలు పిల్లలున్నారు, వర్జీనియా స్టేట్ విద్యార్థులున్నారు. అవును, 1882లో రీఅడ్జస్టర్లు పెట్టిన కళాశాలే. అధికారులు గ్రంథాలయాన్ని మూసేశారు, తరువాత మళ్ళీ వచ్చినవాళ్ళను అరెస్టు చేశారు. ఆ ఏడాది చివరికి అది అందరికీ తెరుచుకుంది.

ముందు నడిచిన పాస్టరు వయట్ టీ వాకర్ కౌంటరు దగ్గరకు వెళ్ళి ఒక పుస్తకం అడిగాడు. దక్షిణాది సేనాధిపతి జనరల్ రాబర్ట్ లీ జీవిత చరిత్ర.

19. ఎర్రమట్టి (బుధవారం, రాత్రి 9:41)

మహోన్‌ది అడగలేదా?

20. చుక్కలముగ్గు (బుధవారం, రాత్రి 9:52)

మహోన్ ఇంట్లో నిలబడి లీ పుస్తకం అడిగాడండీ. మహోన్ పేరు అప్పటికి ఎవరికి గుర్తుంది?